కర్రీ పాయింటులో పథ్యం

భవానీపురంలో కోటేశ్వరరావు కర్రీ పాయింటు పొద్దు నడినెత్తికి రాకముందే తెరవాలి. ఆ ఉదయం అనుకున్నవి గోంగూర పప్పు, గుత్తొంకాయ, కోడికూర. పోపులో ఇంగువ వేసి వాసన కోసం ముఖం వంచాడు. ఏమీ రాలేదు. ఇంకాస్త వేశాడు. మంచినీళ్ల మీద ముఖం పెట్టినట్టే ఉంది.

వైరల్ జ్వరం తగ్గి చాలా రోజులైంది. ఒళ్లు తేరుకుంది గానీ వాసన, దాని వెంట పోయిన రుచి తిరిగి రాలేదు. ఈ సంగతి భార్య కనకలక్ష్మికి చెప్పలేదు. చెబితే గరిటె లాక్కుని, క్యాటరింగు కోర్సు చదివి ఖాళీగా ఉన్న తన తమ్ముడు కిరీటి చేతిలో పెడుతుంది. ఆపైన కవర్లకు రబ్బరు బ్యాండ్లు వేసుకుంటూ బతకాలి.

పక్కింటి తెరేసమ్మ ఆసుపత్రిలో ఆయాగా చేసి మానేసిన మనిషి. గోడ దగ్గరకు పిలిచి గుట్టుగా అడిగాడు.

“జింకు బిళ్లలు మింగు బాబూ. గుడ్లు తిను.”

“వాటితో వస్తదా?”

“ఒంట్లో జింకు తక్కువైనోళ్లకే పనిచేస్తయ్యంట, మిగతాది దానంతటదే రావాలన్నారు మా డాక్టరుగారు. అట్టాగని ఊరుకుంటామా? అల్లం, వెల్లుల్లి, మిరియాలు బాగా పట్టించు.”

బిళ్లల అట్ట బియ్యం డబ్బాలో దాచాడు. రెండోనాడే కనకలక్ష్మి చేతికి దొరికింది.

“ఇవేంటండీ?”

“పురుగు పట్టకుండా.”

ఆమె సరేనని సగం అట్ట తుంచి కందిపప్పు డబ్బాలో కూడా వేసింది.

అల్లం వెల్లుల్లి విడిగా తింటే మళ్లీ పట్టుబడతాడు. అందుకని తన పథ్యం అమ్మే కూరల్లోనే వేసుకుని, ఉప్పు చూసే వంకతో గరిటెడు తినేవాడు. నాలుకకు తెలియకపోతే మర్నాడు ఇంకొంచెం. కొన్నాళ్లకు గోంగూర పప్పు పచ్చదనం పోయి మిరియాల రంగుకు తిరిగింది.

చిత్రంగా జనం పెరిగారు. మధ్యాహ్నానికే గిన్నెలు బోర్లించాల్సి వచ్చేది. కనకలక్ష్మి కూడా వేళ్లు నాకి, “ఈమధ్య మీకు చెయ్యి తిరిగిందండీ” అంది. పెళ్లైన దగ్గర్నుంచి ఆమె నోట వినని మాట. ఎందుకో తెలుసుకోవాలని అతనికి మహా కోరికగా ఉంది. అడిగితే గుట్టు బయటపడుతుందని ఊరుకున్నాడు.

ఒకనాడు కూర కలుపుతుంటే ముక్కులో చురుక్కుమంది. తుమ్మాడు. కళ్లవెంట నీళ్లు కారాయి. వాసన వచ్చేసింది. ఒక చుక్క నాలుక మీద వేసుకుని హడలిపోయాడు. ఇన్నాళ్లూ జనానికి అమ్మింది ఇదా అనుకుని, కూరంతా పారబోసి పద్ధతిగా మళ్లీ వండాడు.

ఆ మధ్యాహ్నం మొదటి ప్యాకెట్టు వెనక్కి వచ్చింది. “చప్పిడి కూర అమ్ముతున్నావేంది బాబాయ్?” దాని వెనకే ఇంకొన్ని. కనకలక్ష్మి రుచి చూసింది.

“ఉప్పూ కారం వేశారా అసలు?”

“నీకు తెలవట్లా?”

ఆమె తల తిప్పుకుంది. “జ్వరమొచ్చిన కాడ్నించి ఏదీ తెలవట్లా. చెబితే కొట్టుకి రానివ్వరని చెప్పలా. మీ కూరొక్కటే నాలిక్కి తగిలేది.”

గోడ అవతల నుంచి తెరేసమ్మ అందుకుంది. “ఆ జ్వరం ఈ వీధిలో ఎవర్ని వదిలింది బాబూ? అందరం బిళ్లలు మింగి, నీ కూర తినేవాళ్లమేగా.”

కనకలక్ష్మి నిండు గిన్నెల వంక చూసి ఫోను తీసింది. “మీకు చెయ్యి పోయింది. కిరీటిని రమ్మంటా.”

“రేపటిదాకా ఆగు” అన్నాడు.

మర్నాడు కోటేశ్వరరావు ముక్కుకు తడిగుడ్డ బిగించి కట్టుకుని, మిరియాల డబ్బా దగ్గరకు లాక్కుని పొయ్యి వెలిగించాడు.