చెప్పు తెగితే సామ్రాజ్యం కూలినట్టే!

పాటని ఉత్తినే వినేసే మనుషుల వల్లే లోకం ఇలా తగలడింది! గాయకుడు పొద్దుపోయిందంటే నిజంగానే పొద్దుపోయిందనుకునే అమాయకులు మన చుట్టూ ఎంతమంది లేరు? అంత జుట్టు పెంచుకుని, అంతలా గొంతు చించుకుని, అన్నేసి స్పీకర్లు లారీలకెక్కించి తెచ్చిన మనిషి మనకి టైము చెప్పడానికి వచ్చాడంటారా? కాస్త ఆలోచించండి.

మన అదృష్టం బాగుండి వీధి చివర కళ్ళద్దాల షాపాయన ఉన్నాడు. పాత రాక్ పాటల కడుపులో దాక్కున్న అర్థాలను బయటికి లాగడమే ఆయన అసలు వృత్తి. అద్దాలు అమ్మడం ఇల్లు గడవడానికి. చూపు పరీక్షకి వచ్చినవాళ్ళు గోడ మీది అక్షరాలు చదువుతూ కింది వరుసలో తడబడితే ఆయన విసుక్కోడు. గిటార్లు హోరెత్తే పాటొకటి పెట్టి, ఇందులో గుర్రం ఎవరో చెప్పమంటాడు. గుర్రం గుర్రమే కదా అని ఒకావిడ నోరు జారింది. పాపం, ఆవిడకి ఫ్రేము చూపించే ముందు అరపూట ఉపన్యాసం ఇవ్వాల్సి వచ్చింది. ఏ షాపువాడు కస్టమరు కోసం ఇంత కష్టపడుతున్నాడు చెప్పండి?

ఆదివారాలు షాపు వెనకగదిలో, పాటల లోతులు తవ్వే 'లోతు సంఘం' కూర్చుంటుంది. ఆయన, పక్క భవనం పళ్ళ డాక్టరు, రిటైరైన లెక్కల టీచరమ్మ. "చెప్పు తెగింది పిల్లా" అని వగచే పాట ఒకటుంది. దాని మీద ఆదివారాల తరబడి కుస్తీ పట్టారు. చెప్పంటే సామ్రాజ్యం, అది కూలిందన్నాడు డాక్టరు. కాదు, పెళ్ళి, అది పెటాకులైందన్నది టీచరమ్మ. కళ్ళద్దాలాయన ఇద్దరి మాటా కాదనలేక, ఎడమ చెప్పు సామ్రాజ్యమనీ కుడి చెప్పు పెళ్ళనీ తీర్పు చెప్పాడు. తెగింది ఒక్క చెప్పే కదా అని అడిగే మొండివాళ్ళు ఆ సంఘంలో లేరు. మామూలు అర్థం చెప్పినవాళ్ళు టీ కప్పులు కడగాలని అక్కడ నియమం. టీచరమ్మ కొత్తగా చేరిన రోజున, ఏ రాయో తగిలి తెగి ఉంటుందని జాలిపడి, గిన్నె కూడా తోమి వెళ్ళింది. ఇంత క్రమశిక్షణ ఏ చట్టసభలో ఉంది!

ఇక ఇంటికి ఒరిగిన మేలు చూడండి. వంటింటి కుళాయి కారుతోందని భార్య చెబితే ఆయన కళ్ళు మూసుకుని, కాలం జారిపోతోందన్న బాధని ఎంత చిన్న మాటలో పెట్టావని మురిసిపోయాడు. ఆవిడ రెండు రోజులు చూసి, రెంచీ పట్టుకుని తానే బిగించుకుంది. దాంపత్యంలో స్వావలంబన అంటే ఇదే కదా?

కూతురు మాత్రం కాస్త చాదస్తపు పిల్ల. కాలేజీలో చదువుతూ గిటారు నేర్చుకుంది. సొంతంగా పాటొకటి కట్టింది. లోకమంతా విని మెచ్చుకోకపోయినా ఫర్వాలేదు, నాన్న ఒక్కసారి వింటే చాలని దాని ఆశ. అడిగినప్పుడల్లా "ఈ పాట అవ్వనీ తల్లీ, వింటాను" అని ఆయన మళ్ళీ హెడ్‌ఫోన్సు తగిలించుకునేవాడు. పిల్ల మొహం చిన్నబుచ్చుకుని గిటారు మూల పెట్టేసేది. చివరికి తల్లే ఉపాయం చెప్పింది, ఆదివారం సంఘంలో పాడెయ్యమని. అక్కడైతే ఆయన చెవులు ఖాళీగా ఉంటాయి మరి.

పాడింది. ఒకమ్మాయి తలుపు ముందు నిలబడి ఉంటుంది. లోపల మనిషి ఉన్నాడు. కొడుతుంది, పిలుస్తుంది, ఆ తలుపు తెరుచుకోదు. పాట అంతే.

సంఘం పులకించిపోయింది. తలుపంటే సమాజం నోరు, అదెప్పుడూ తెరవదన్నాడు పళ్ళ డాక్టరు, వృత్తిరీత్యా వేదనగా. తలుపంటే చరిత్ర అంది టీచరమ్మ. కళ్ళద్దాలాయన లేచి నిలబడ్డాడు. తలుపు మృత్యువనీ, లోపలున్నది పరమాత్మ అనీ, తన కడుపున ఇంత లోతైన పిల్ల పుట్టిందని ఇన్నాళ్ళూ తెలుసుకోలేకపోయాననీ చెప్పి, గర్వంగా కూతురి వైపు తిరిగాడు.

"అంతే కదమ్మా?"

"కాదు నాన్నా, అది మన ఇంటి తలుపు" అంది పిల్ల. "పోయిన నెల పరీక్ష మధ్యలో జ్వరమొచ్చి ఇంటికొచ్చేశాను. తాళంచెవి లేదు, అమ్మేమో ఆఫీసులో ఉంది. కిటికీలోంచి నువ్వు కనబడుతూనే ఉన్నావు. చెవులకి అవి పెట్టుకుని, కళ్ళు మూసుకుని, గాల్లో గిటారు వాయిస్తున్నావు."

"ఎంతసేపు నిలబడ్డావు?" అని అడిగాడాయన.

"నీ పాట అయ్యేదాకా. పెద్ద పాటే పెట్టుకున్నావు."

చూశారా పాఠకులారా! మృత్యువూ పరమాత్మా చేతికి అందివస్తే, ఈ కాలప్పిల్లలు వాటిని జ్వరం చేసి కూర్చోబెడతారు. అర్థం చెప్పడానికి ముగ్గురు పెద్దలు సిద్ధంగా ఉన్న గదిలో, తలుపు తియ్యలేదని ఫిర్యాదా? సంఘం పరువు కాపాడే భారం పళ్ళ డాక్టరు మీద పడింది. ఆయన గొంతు సవరించుకుని, ఇంతకీ ఆ గాల్లో గిటారు దేనికి సంకేతమంటారని కళ్ళద్దాలాయన్ని అడిగాడు.

ఆ ప్రశ్న ఆయనకి వినబడినట్టు లేదు. కూతురి నుదుటి మీద చెయ్యి పెట్టి చూస్తున్నాడు. జ్వరం ఎప్పుడో తగ్గిపోయింది.