అధికారి వంగనక్కరలేని డేరా

గుహలో మొదలైన మానవ నాగరికత గుడిసెకు, గుడిసె నుంచి మిద్దెకు సాగి, మా కాలానికి కందుల కొనుగోలు కేంద్రం ముందటి డేరా దాకా వచ్చింది. ఇంతకు మించి అది ఎదుగుతుందని నేననుకోను.

కేంద్రం పూర్తి పేరు సమగ్ర కందుల స్వీకరణ కేంద్రం. కవితాళకు పోయే రోడ్డు పక్కన ఒక రేకుల గది. (సమగ్రం అంటే అందులో ఒక తూకం, ఒక తేమ కొలిచే యంత్రం, ఒక కంప్యూటర్, ఒక అధికారి ఉంటారని అర్థం. నాలుగూ ఒకే రోజు పనిచేస్తాయని కాదు.) చలికాలం మొదట్లో తెరుస్తారు, శివరాత్రికి మూస్తారు. ఆలోపు వంతు వచ్చినవాళ్ల కందులు కొంటారు. రానివాళ్లకు వచ్చే ఏడు మళ్లీ వరుసలో నిలబడే హక్కు యథాతథంగా ఉంటుంది.

మొదట్లో మావాళ్లు వరుసలో చెప్పులు విడిచి ఇంటికి పోయేవాళ్లు. చెప్పు ఎక్కడుంటే మనిషి అక్కడున్నట్టే. రేషన్ దుకాణం ముందు ఎప్పటినుంచో నడుస్తున్న పద్ధతి. ఈ ఏడు ఆ వరుసను కుక్కలు సవరించాయి. నాలుగో స్థానంలో ఉండాల్సిన మౌనేశ్ ఎడమ చెప్పు కాలువ అవతల దొరికింది, కుడి చెప్పు అందరికన్నా ముందు దొరికింది. రెండింటి మధ్యా ఆయన్ను ఎక్కడ నిలబెట్టాలో తేల్చడానికి ఒక పూట పట్టింది. (కొలిచి చూస్తే ఆయన వంతు సరిగ్గా కాలువలో పడింది.)

దాంతో కేంద్రం అధికారి శరణబసవ గారు ఉత్తర్వు అంటించారు. ఇకమీదట చెప్పులకు ప్రాతినిధ్యం లేదు. రైతు స్వయంగా, సరుకుతో సహా, డేరా వేసుకుని వరుసలో నివసించవలెను. డేరా ఉన్నచోటే వంతు. డేరా లేనివాడు వరుసలో లేడు. బస్తాలూ రైతూ ఒకే కప్పు కింద ఉండవలెను. తనిఖీకి లోపలికి వచ్చిన అధికారి వంగవలసిన అగత్యం రాకూడదు. (అధికారి వంగితే ప్రభుత్వం వంగినట్టు. శరణబసవ గారు ఆరడుగుల పైచిలుకు. టోపీ అదనం.)

కొనుగోలు ఇంకా మొదలుకాని ఆ వరుసలో మొదటివాడు ఓబయ్య. ఆయన వెనక నేను. పోయినేడు ఓబయ్య వంతు కన్నా శివరాత్రి ముందొచ్చింది. ఆ కందులు ఇంట్లోనే పురుగుపట్టి పోయాయి. వరుసగా రెండో ఏడు కూడా పురుగులకే వడ్డించడం ఆయన భార్య యంకవ్వకు ఇష్టం లేదు. అందుకని వాళ్ల బస్తాలకు నన్ను కాపలా పెట్టి, ఇద్దరూ డేరా చూడటానికి లింగసుగూరు పోయారు.

అక్కడ రంగా అనే ఆయనకు షామియానాల దుకాణం ఉంది. లోపల జరిగిందంతా తర్వాత యంకవ్వే నాకు చెప్పింది. రంగా ముందు ఒక చిన్న సంచి తీశాడు. దాని మీద మంచుకొండ బొమ్మ.

"కాకా, దీంట్ల మంచుకొండ మీద గూడ నెలలకు నెలలు ఉండొచ్చంట."

ఓబయ్య లోపలికి పాకాడు. నడుము దాకా పోయాడు. మిగతాది బయట ఉంది.

"ఏమయ్యా, ఉన్నవా?" అంది యంకవ్వ.

"ఉన్న."

"బస్తాలేడ పెడ్తవు? కడుపు మీదనా?"

తర్వాత తాడుపత్రి (టార్పాలిన్) చూశారు. కింద నిలబడితే ఓబయ్యకే నెత్తికి తగిలింది, ఇక ప్రభుత్వం మాట చెప్పనక్కర్లేదు. పెళ్లి షామియానా చూశారు. ఎత్తు బాగుంది, కానీ చుట్టూ గోడలు లేవు. (పెళ్లిలో ఎవరూ తేమ కొలవరు.) చివరికి రంగా లోపలినుంచి ఒక పెద్ద మూట దొర్లించుకొచ్చాడు. రెండు పొరల గుడ్డ, కిటికీలు, కిటికీలకు పరదాలు. ఎప్పుడో సర్వేకు వచ్చిన ఇంజినీర్లు అడిగి, చేయించాక మళ్లీ రాలేదట.

యంకవ్వ లోపలికి పోయి అడుగులతో కొలుచుకుంది. "ఈడ బస్తాలు. ఈడ పొయ్యి. ఈ మూలకు మేక. ఈడ నేను కాళ్లు సాపుకోని పండుకుంట."

"నేను?"

"బస్తాల మీద. కని ఒక్క ముచ్చట. ఇంత పెద్దదైతే ఎవరో ఒకరొచ్చి కూసుంటరు."

"ఈ చలిల రోడ్డు పక్కకొచ్చి కూసునేటోడెవడే?" అన్నాడు ఓబయ్య. (ఆ వారంలో ఆయన మాట్లాడిన అన్నిటికన్నా పొడవైన వాక్యం ఇదే.)

డేరా లేచిన రోజు వరుస వరుసంతా వచ్చి చూసింది. సాయంత్రం శరణబసవ గారు తనిఖీకి వచ్చారు. వంగలేదు. టోపీ తగల్లేదు. లోపల చలిగాలి లేదు. యంకవ్వ చాయ్ ఇచ్చింది. ఆయన తనిఖీ చాలాసేపు చేశారు.

మర్నాడు కుర్చీ తెచ్చుకుని తనిఖీ చేశారు. ఆ మర్నాడు, రేకుల గదిలో చలికి కంప్యూటర్ తెరుచుకోవడం లేదని దాన్ని కూడా తనిఖీకి తెచ్చారు. కంప్యూటర్ వెంట తూకం వచ్చింది, తూకం వెంట తేమ యంత్రం వచ్చింది. ఐదో రోజు బోర్డు వచ్చింది.

"సారూ, మేకకు జాగ లేదు," అంది యంకవ్వ.

"ఆఫీసుల మేక ఎట్ల ఉంటదమ్మా?"

"ఇది మా డేరా సారూ."

"నోడవ్వా, చూడు, డేరా మీదే. ఎవరు కాదన్నరు? బోర్డు ఒక్కటే మాది."

తర్వాత ఆయన నిబంధన చదివి వినిపించారు. కేంద్రం లోపల ఉండేవాళ్లు సిబ్బంది. సిబ్బంది తమ కందులు తామే కేంద్రానికి అమ్ముకోరాదు. (ఇంత నిజాయితీ అక్కడ అంతకుముందు ఎప్పుడూ చూడలేదు.) కాబట్టి బస్తాలు బయటికి తీయాలి. తీశారు. బయట ఓబయ్యకు డేరా లేదు. డేరా లేనివాడు వరుసలో లేడు. ఆయన మళ్లీ చివరినుంచి రావాలి.

నేను ఒక స్థానం ముందుకు జరిగాను. బాధతోనే జరిగాను.

ఓబయ్య మళ్లీ లింగసుగూరు పోయాడు గానీ రంగా దగ్గరి డేరాలన్నీ అప్పటికే మా వరుసలో ఉన్నాయి. యంకవ్వ రెండు చీరలు కలిపి కుట్టింది. నాలుగు కట్టెల మీద అది కూడా డేరాగా గుర్తింపు పొందింది. తనిఖీలో శరణబసవ గారు వంగలేదు, చీరే వంగింది. రాత్రంతా మంచు చీరలోంచి మర్యాదగా దిగి బస్తాల మీద కూర్చునేది. పొద్దున యంకవ్వ కందుల్ని ఎండలో నెరిపేది, సాయంత్రం ఎత్తేది. "పోయినేడు పురుగులు, ఈ ఏడు మంచు. మనకే తినరాదాయె," అనేది మేకతో.

శివరాత్రి ఇంకో రోజుందనగా, తెల్లారీ తెల్లారకముందే ఓబయ్య వంతు వచ్చింది. బస్తాలు మోసుకుని తన డేరాలోకి తానే, చెప్పులు బయట విడిచి, అడిగి వచ్చాడు. శరణబసవ గారు గుప్పెడు కందులు యంత్రంలో పోశారు. అది కాస్త ఆలోచించి, ఉండాల్సిన దానికన్నా ఎక్కువ చూపించింది.

"తేమ, ఓబయ్యా. తీసుకోరాదు." శరణబసవ గారు నిజంగానే నొచ్చుకున్నారు. "చలికాలం కదప్పా. గోడలున్నది, రెండు పొరలది, మంచి విశాలమైన డేరా చూసుకోవద్దా?"

"ఏడ దొరుకుతది సార్?" అన్నాడు ఓబయ్య.

"లింగసుగూర్ల రంగా అని ఉంటడు, అడుగు. మా డేరా ఆడిదే."