ఎనిమిది బుడిపెల పళ్ళెం

"ఈ కోరాపుట్ జిల్లాలో నేరస్తుడు కునుకు తీయాలన్నా ముందు నా అనుమతి తీసుకోవాలి," అన్నాడు చిన్నబ్బాయి. సెమిలిగుడ బస్టాండులో టికెట్లు కోయడం అతని ఉద్యోగం. డిటెక్టివు పని ఖాళీ వేళల్లో. అతని స్నేహితుడిగా ఉండటం నా పని.

అది 2003. నాకు ఇంటర్నెట్ సెంటరు ఉండేది. ఆ ఉదయం పక్కనున్న ఇత్తడి సామాన్ల కొట్టు కన్నారావుకి రాయగడ నుంచి మెయిల్లో ఒక ఫోటో వచ్చింది. ప్రింటు తీసి ఇచ్చాను. పంపింది కిందటి వారం అతని దగ్గర పళ్ళెం తెప్పించుకున్న కామేశ్వరమ్మగారు. రాసింది ఒక్క ముక్క: "మీ పళ్ళెం చూడండి."

కన్నారావు చూశాడు. కాగితం నిండా గుండ్రటి పళ్ళెం. అంచు చుట్టూ పైకి ఉబ్బి ఉండాల్సిన ఎనిమిది బుడిపెలూ లోపలికి సొట్టపడి ఉన్నాయి.

"పార్సిలు కట్టింది నువ్వే కదా జోగయ్యా? రేపట్నించి కొట్టుకి రాకు."

"నాను కట్టినప్పుడు బాగానే ఉన్నాయి బాబూ," అన్నాడు జోగయ్య. అతను ఆ కొట్టులో చేరి పదకొండేళ్ళు.

చిన్నబ్బాయి భూతద్దం తీశాడు. "ఎనిమిది సొట్టలు. అంటే ఎనిమిది వేళ్ళు. బొటనవేళ్ళు వాడలేదు. దుండగుడు గడుసువాడు."

"ఇత్తడిని వేలితో ఎవడు నొక్కుతాడ్రా?" అన్నాను.

"నువ్వు కాగితం చూస్తున్నావు. నేను నేరం చూస్తున్నాను."

కొట్టులోంచి అలాంటిదే ఇంకో పళ్ళెం తీసి, ప్రింటు ఒక చేత్తో పట్టుకుని, రెండో చేతి వేలితో బుడిపెని బలంగా నొక్కాడు. బుడిపె కదల్లేదు. "అమ్మో!" అని రెండు చేతులూ విదిలించాడు. ప్రింటు ఎగిరి కన్నారావు ముందు పడింది.

"ఇదేటిది? ఫోటోలో బుడిపెలు బాగానే ఉన్నాయే!" అన్నాడతను.

నేను కాగితం తీసుకుని పైఅంచు కిందికి వచ్చేలా తిప్పాను. సొట్టలు. మళ్ళీ తిప్పాను. బుడిపెలు. అప్పుడు తెలిసింది. ఫోటో తలకిందులుగా తీశారు. అందుకే అందులో వెలుగు కిందనుంచి పడుతోంది. మన కన్ను దాన్ని నమ్మదు. వెలుగు పైనుంచే వస్తుందనుకుని నీడని బట్టి బుడిపెని గుంట చేస్తుంది. గుండ్రటి పళ్ళేనికి ఏది పైనో ఏది కిందో ఎవరికి తెలుస్తుంది?

"నన్ను చూసి సొట్టలు భయపడి పైకి లేచాయి," అన్నాడు చిన్నబ్బాయి, వేలు నోట్లో పెట్టుకుని.

కన్నారావు రాయగడకి ఫోన్ చేశాడు.

"ఎంత బాగుందో సూడమనే పంపేనయ్యా," అంది కామేశ్వరమ్మ. "ఇంకో రెండు పంపు."

కన్నారావు ఫోన్ పెట్టేసి జోగయ్య వైపు చూడకుండా అన్నాడు: "రెండు పళ్ళేలు కట్టు. రేపు పెందలాడే రా."

జోగయ్య పెట్టెలో గడ్డి పరిచి పళ్ళేలు పెట్టాడు. "ఫోటోలు తియ్యొద్దని కూడా పార్సిలు మీద రాసి పెట్టండి బాబూ," అన్నాడు.