నిశ్శబ్దం అనే ఫైలు

ఆ రోజు లెక్చరరు పెట్టుకున్న పని ఒక్కటే. పొద్దున్నే కాలేజీ లైబ్రరీకి వెళ్లి, తన పరిశోధనను డిజిటల్ భాండాగారంలో ఎక్కించి, మధ్యాహ్నానికల్లా ఇంటికొచ్చి నడుం వాల్చడం. భాండాగారమంటే, కాలేజీలో ఎవరు ఏం పరిశోధించినా ఇంటర్నెట్‌లో దాచిపెట్టి, ఏ దేశం వాళ్లయినా ఊరికే తెరిచి చూసుకోనిచ్చే చోటు. అందులో ఏదో ఒకటి ఎక్కించని కాంట్రాక్టు లెక్చరర్లకు వచ్చే ఏడాది ఉద్యోగం ఉండదని శాఖ హెడ్డుగారు నోటీసు బోర్డులో అంటించారు. గడువు ఆ సాయంత్రమే.

ఎక్కించడానికి సరుకు లేక కాదు. "మాటకూ మాటకూ మధ్య మౌనం" అని అతను ఒక లావుపాటి సిద్ధాంత గ్రంథం రాసి ఉన్నాడు. మనుషులు మాట్లాడుతూ మాట్లాడుతూ ఎక్కడ ఆగుతారు, ఎంతసేపు ఆగుతారు, ఎందుకు ఆగుతారు అన్నదాని మీద వయసంతా ధారపోశాడు. దాన్ని చదివిన పాపాన పోయినవాళ్లు లేరు. పట్టా ఇచ్చిన పరీక్షాధికారి "అట్ట బాగుంది" అని ఊరుకున్నాడు. ఎక్కడో ఒకచోట, ఎవరో ఒకరు, ఒక్క పేజీ తిరగేస్తే చాలని అతని ఏడుపు.

చెప్పుల్లో కాళ్లు పెడుతుంటే భార్య గుమ్మం దాకా వచ్చి గొంతు తగ్గించింది.

"ఏమండీ, అమ్మ గురక రికార్డు చేశారా?"

"నిన్న మధ్యాహ్నం కునుకు తీస్తుంటే చేశాను."

"బాగా వినబడుతోందా?"

"వినబడకపోవడమా! తలుపు బయట నిలబడి చేశాను."

"వేళాకోళం తర్వాత. డాక్టరు దగ్గరికి పోదామంటే 'నేను గురకే పెట్టను' అంటుంది. నిద్రలో ఉలిక్కిపడి లేస్తోంది, నాకు భయంగా ఉంది. కనీసం ఆ రికార్డింగయినా డాక్టరుకి వినిపిద్దాం. అమ్మ కంట మాత్రం పడనివ్వకండి."

అదొక్కటీ చెప్పనక్కర్లేదు. అత్తగారు రిటైరైన హెడ్మిస్ట్రెస్. చెల్లెలితో మాట్లాడాలని అల్లుడి ఫోను తీసుకుని, మాట్లాడటం అయ్యాక అందులో ఏమేం ఉన్నాయో కూడా తనిఖీ చేసి ఇస్తుంది. అందుకే అతను ఆ రికార్డింగుకు "నిశ్శబ్దం" అని పేరు పెట్టాడు. పరిశోధన కోసం చేసిన మౌనాల రికార్డింగులు ఆ పేరుతోనే ఫోను నిండా ఉన్నాయి. ఆ పేరున్న ఫైలును లోకంలో ఎవరూ తెరవరని అతనికి బాగా అనుభవం.

లైబ్రేరియన్ మేడమ్ అతన్ని చూడగానే సంబరపడింది. ఆవిడకు భాండాగారం సొంత బిడ్డ. వద్దన్న వస్తువు లేదు.

"ఏం తెచ్చారు మాస్టారూ? పుస్తకమా, పటమా, పాటా? నిన్ననే కప్పల అరుపులు వచ్చాయి. సివిల్ వాళ్లు గోడల పగుళ్ల ఫొటోలు ఇచ్చారు. ఒకాయన బెడిసికొట్టిన తన ప్రయోగాలన్నీ ఇచ్చాడు, పాపం. అన్నీ తీసుకుంటాను."

"గ్రంథం మేడమ్. దాంతోపాటు ఒక ఆడియో. మౌనానికి నమూనా."

"మౌనమా! అది మన దగ్గర లేదు," అని ఆవిడ ఆప్యాయంగా కుర్చీ జరిపింది.

ముందు గ్రంథం ఎక్కింది. ఫోనులో నిశ్శబ్దాలన్నీ వరసగా ఉన్నాయి. ఆ ఉత్సాహంలో అతను మరేమీ ఆలోచించకుండా అన్నిటికంటే కొత్తదాన్ని ఎంచుకున్నాడు. ఆవిడ మీట నొక్కి, దానికి శాశ్వత సంఖ్య ఇచ్చి, "ఇక ఇది ప్రళయం వచ్చినా చెక్కుచెదరదు. ఏదీ, మీ మౌనం ఒకసారి విందాం," అని స్పీకరు పెంచింది.

ముందు ఏదో బరువైన బల్లను ఈడుస్తున్నట్టు వినిపించింది. తర్వాత ఆ బల్లను మెట్ల మీంచి దొర్లించారు. పరీక్షలకు చదువుకుంటున్న పిల్లలంతా తలలెత్తారు. లెక్చరరు కుర్చీలోంచి ఎగిరి లేచాడు.

"ఆపండి మేడమ్! అది కాదు! అది తీసేయండి!"

"తీసేయడమేమిటండీ? ఇది భాండాగారం. ఎక్కి దిగడానికి బస్సా?"

"మీ కాళ్లు పట్టుకుంటాను."

"అంత మాటెందుకు? ఉపసంహరణ అని ఒకటుంది. హెడ్డుగారు ఒప్పుకుంటే శబ్దం పోతుంది. శీర్షికా, మీ పేరూ, తీసేసిన కారణమూ మాత్రం ఎప్పటికీ ఉంటాయి. ముందు కారణం రాయండి. ఖాళీగా వదిలితే కంప్యూటరు ఒప్పుకోదు."

కంగారులో మనిషికి అబద్ధం కూడా తట్టదు. "పొరపాటున మా అత్తగారి గురక ఎక్కింది" అని ఉన్నదున్నట్టు రాసి నొక్కేశాడు. నొక్కాక ఆవిడ నెమ్మదిగా చెప్పింది, భాండాగారంలో ఏ మార్పు జరిగినా కాలేజీలో అందరికీ, కోరి పేరిచ్చుకున్న బయటివాళ్లకీ దానంతటదే కబురు వెళ్తుందని. ఆ మాట పూర్తి కాకముందే హాల్లో ఫోన్లు టింగుటింగుమన్నాయి. పిల్లలు ఫోన్ల వంక, అతని వంక మార్చి మార్చి చూశారు. అతనికి ఏ బీరువా వెనకాలయినా దూరి, రిటైరయ్యేదాకా అక్కడే ఉండిపోవాలనిపించింది.

హెడ్డుగారి గదికి వెళ్లేసరికి ఆయన చెవికి ఫోను ఆనించుకుని వింటున్నారు.

"మూడోసారి వింటున్నాను," అన్నారు గంభీరంగా. "నిద్రపోతున్న పెద్దావిడని అడక్కుండా రికార్డు చేసి ప్రపంచానికి వినిపిస్తారా? రేపు కోర్టుకెక్కితే కాలేజీ పరువేం కావాలి?"

"మీరు ఒప్పుకుంటే తీసేయించేస్తానండీ."

"తీసేస్తే తప్పు ఒప్పుకున్నట్టవుతుంది. రేపు ఆవిడని తీసుకురండి. అది తన గురకేననీ, అభ్యంతరం లేదనీ నా ఎదురుగా చెప్పాలి. చెప్పకపోతే వచ్చే ఏడాది మీ క్లాసులు ఇంకొకరు చూసుకుంటారు."

అతను ఇంటికి నడిచే వెళ్లాడు. బస్సెక్కితే త్వరగా చేరిపోతాడని భయం. దారి పొడుగునా ఆవిడతో ఎలా మొదలుపెట్టాలో వల్లె వేసుకున్నాడు. గుమ్మంలో అడుగుపెడితే అత్తగారు హాల్లో కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది. వల్లె వేసిందంతా గాలికి పోయింది.

"నా పాత శిష్యురాలొకతె మీ కాలేజీలోనే పనిచేస్తోందట," అందావిడ. "ఇప్పుడే ఫోన్ చేసి, మీ హెడ్డుగారు ఏమన్నారో కూడా చెప్పింది. నా గొంతు గుర్తుపట్టిందట. క్లాసులో కూడా అచ్చం అలాగే ఉండేదట."

"అత్తయ్యా, అది..."

"నువ్వేం మాట్లాడకు. రేపు నేనే వచ్చి ఆ గురక నాది కాదని చెప్తాను."

"నీది కాదంటే ఈయన ఉద్యోగం పోతుందే అమ్మా!" భార్య గొల్లుమంది.

"పోతే ఇంకోటి వస్తుంది. పరువు పోతే వస్తుందా?"

ఆ రాత్రి ఆవిడ పంతం కొద్దీ నిద్రపోలేదు. అతను భయం కొద్దీ నిద్రపోలేదు. అవునంటే అత్తగారి పరువు, కాదంటే తన బతుకు. గ్రంథం రాసిన చేత్తో ఇంకేదైనా పనికొచ్చే విద్య నేర్చుకుని ఉంటే ఎంత బాగుండేదని కుమిలిపోయాడు.

మర్నాడు లైబ్రరీలో హెడ్డుగారు మధ్యలో కూర్చున్నారు. అత్తగారు ఇస్త్రీ చీర కట్టుకుని, కళ్లజోడు తుడుచుకుని, పరీక్ష పేపరు దిద్దడానికి వచ్చినట్టు కూతురి పక్కన కూర్చుంది. లైబ్రేరియన్ రికార్డింగు పెట్టింది. అత్తగారు మొదటినుంచి చివరిదాకా రెప్పవేయకుండా వింది.

"ఎవరో మగమనిషి," అంది. "లారీ కూడా కావచ్చు."

"అంటే ఎవరిదో కూడా తెలియని శబ్దాన్ని పరిశోధనంటూ ఎక్కించారన్నమాట," హెడ్డుగారు కలం తీశారు.

అప్పుడు లైబ్రేరియన్ తెర మీదికి వంగింది.

"ఒక్క నిమిషం సార్. ఎవరో దీని మీద ఉత్తరం రాశారు. ఎక్కడో పెద్దాస్పత్రిలో నిద్ర మీద పరిశోధన చేసే డాక్టరట. చదవనా?"

ఎవరూ వద్దనకముందే చదివేసింది. "గురక సంగతి వదిలేయండి. గురకకూ గురకకూ మధ్య మౌనం వినండి. అక్కడ ఈ మనిషి ఊపిరి తీసుకోవడం లేదు. ఆవిడ ఎవరైనా సరే, వెంటనే ఆస్పత్రిలో చూపించండి. ఆలస్యం చేస్తే ప్రాణానికే ముప్పు."

లెక్చరరు రికార్డింగు మళ్లీ పెట్టించాడు. బల్ల ఈడ్చిన చప్పుడు వచ్చింది, ఆగింది. నిన్నటిదాకా అతను విన్నది ఆ చప్పుడే. తలుపు బయట నిలబడి నవ్వుకున్నదీ ఆ చప్పుడుకే. ఇప్పుడు ఆగిన చోట విన్నాడు. అతని గ్రంథం మొత్తంలో అంత పొడుగు మౌనం లేదు. ఇంకా రాదు. ఇంకా రాదు. చివరికి నీళ్లలోంచి పైకి తేలినట్టు ఒక్క పెద్ద ఊపిరి వచ్చింది. వయసంతా మౌనాలు కొలిచినవాడికి ఇంట్లో మౌనం వినబడలేదని అతనికి సిగ్గేసింది, సిగ్గుకంటే ఎక్కువగా భయమేసింది. భార్య తల్లి చేతిని రెండు చేతులా పట్టుకుంది.

అత్తగారు కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"మా నాన్న నిద్రలోనే పోయారు," అంది. "ఆయన కూడా గురక పెట్టననే అనేవారు."

తర్వాత గొంతు సవరించుకుని హెడ్డుగారి వైపు తిరిగింది. "అది నేనే. నాకు అభ్యంతరం లేదు. కాకపోతే నా పేరు ఇంటిపేరుతో సహా సరిగ్గా రాయండి. అల్లుడి పేరు నా పేరు కింద ఉండాలి."

ఆ మధ్యాహ్నమే ఆస్పత్రిలో చేర్చారు. ఇంకొన్నాళ్లు ఊరుకుని ఉంటే ఏమయ్యేదో చెప్పలేమని అక్కడి డాక్టరు అన్నాడు. పడుకునేటప్పుడు ముక్కుకు తగిలించుకునే గాలి మిషను ఒకటి ఇచ్చి పంపారు. లెక్చరరు ఉద్యోగం ఇంకో ఏడాదికి నిలబడింది. హెడ్డుగారు ప్రతి మీటింగులోనూ గురకను మన శాఖ గర్వకారణమంటున్నారు. నిద్ర మీద పనిచేసేవాళ్లు ఎక్కడెక్కడినుంచో దాన్ని దించుకుంటూనే ఉన్నారు.

పక్కనే ఉన్న గ్రంథాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఒక రోజు మాత్రం ఎవరో తెరిచినట్టు లెక్క కనిపించి, లెక్చరరు ఆనందంతో వంటింట్లోకి పరుగెత్తాడు.

"నేనేనండీ," అంది భార్య. "ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉండేసరికి నిద్ర పట్టక తెరిచాను. రెండో పేజీకల్లా పట్టేసింది."

మిషను ఎలా పనిచేస్తోందో చూడాలి, మరో రికార్డింగు కావాలని డాక్టరు కబురు పెట్టాడు. లెక్చరరు మధ్యాహ్నం కునుకు వేళ ఈసారి అడిగి మరీ, మంచం పక్కనే కూర్చుని చేశాడు. మెత్తని ఊపిరి తప్ప ఏమీ లేదు. అది ఎక్కడా ఆగలేదు. అత్తగారు లేచి, ముక్కుకున్నది తీసి, ఫోను లాక్కుని పూర్తిగా వింది.

"విన్నావుగా? నేను గురక పెట్టనని మొదటినుంచీ చెప్తూనే ఉన్నాను," అని ఫోను తిరిగిచ్చింది.

అతను ఆ ఫైలుకు "గురక" అని పేరు పెట్టాడు, కనీసం ఎవరో ఒకరు తెరుస్తారని.