ఓరియంటేషన్‌లో రేషన్

"ప్రోటీన్ ఓరియంటేషన్" అన్న మాట బస్వరాజ్ నోటి నుంచి నిండుగానే బయలుదేరింది. దారిలో ఆయన పిండిగిర్నే అడ్డం వచ్చింది. రాళ్లు తిరిగే చప్పుడులో "ఓరియం" నలిగి పిండైపోయి, మిగిలిన "టేషన్" కాస్త అరిగి, అవతల జొన్నల సంచితో నిలబడ్డ అక్క కమలమ్మ చెవికి "ప్రోటీన్ రేషన్" మాత్రమే చేరింది. జొన్నలైనా మాటలైనా, గిర్నిలో పడ్డది పడ్డట్టు బయటికి రాదు కదా.

ఆ శుక్రవారం పొద్దున బస్వరాజ్ పెట్టుకున్న పని చిన్నది. హైదరాబాద్‌లో చదివి మొన్ననే డాక్టరేట్ అందుకున్న కూతురు స్నిగ్ధ ఆదివారం జహీరాబాద్ వస్తోంది. గంజ్ మార్కెట్ పక్క సంఘం హాలులో తన పరిశోధన గురించి తెలుగులో ఒక గంట చెబుతుంది. గిర్నికి వచ్చినవాళ్లను రమ్మనాలి, అంతే.

కానీ ఆ ఒక్క గంట కోసం ఆయన ఐదేళ్లుగా గంటలు లెక్కపెడుతున్నాడు. పెళ్లికి పోయినా దినాలకు పోయినా కమలమ్మ పదిమందిలో అడిగేది: "నీ బిడ్డ ఏం జేస్తది తమ్మీ?" ప్రోటీన్ల మీద పని అని ఈయన చెప్పేవాడు. "డబ్బాలల్ల అమ్మేదేనా? మా పక్కింటి పోరడు తాగుతడు. ఇంక కండలు రాలే" అనేది ఆమె. బంధువులు నవ్వేవారు. బస్వరాజ్ గర్వం గొంతుదాకా వచ్చి, మాట దొరక్క వెనక్కి దిగిపోయేది. డాక్టర్‌కు తండ్రి అయినా ఆ రోగం మాత్రం నయం కాలేదు.

రేషన్ సంగతికి వద్దాం. ప్రోటీన్ అంటే ఏమిటని కమలమ్మ వాడకట్టులో వాకబు చేస్తే గుడ్లు, కందిపప్పు అన్నారు. సాయంత్రానికి అది ఇంటికి డజను గుడ్లు, రెండు కిలోల పప్పు అయింది. చిరాగ్‌పల్లి చేరేసరికి నూనె కలిసింది. కోహీర్‌కు పోయేసరికి గుడ్డు పొదిగి కోడి అయింది. మొగుడంపల్లి ఆడవాళ్లకు అల్లం తవ్వే పని ఉండి మొగుళ్లను అంపారు. ఆ ఊరికి పేరు పెట్టినవాడెవడో గాని దూరదృష్టి గలవాడు.

ఆదివారం పదిన్నరకు కూతురితో, భార్య అనంతమ్మతో హాలు దగ్గర ఆటో దిగిన బస్వరాజ్‌కు నూట నలభై మంది కనబడ్డారు. ఆయన కళ్లు చెమర్చాయి. అనంతమ్మ కళ్లు మాత్రం జనం చేతుల మీద ఆగాయి.

"పాఠం వినేటోళ్లకు సంచులెందుకు?"

"బుక్కులు తెచ్చుకున్నట్టున్నరు" అన్నాడు మొగుడు. నూనె డబ్బాలో ఏం బుక్కు పడుతుందని ఆమె అడిగేలోపే దర్వాజ దగ్గర గోల మొదలైంది.

హాలు తలుపుకు ఒక రెక్క తుప్పుపట్టి తెరుచుకోదు. ఉన్న సందులో కమలమ్మ తనకు తానే కాపలా నిలబడి, రేషన్ కార్డు ముందుకు చాపినవాళ్లనే లోపలికి తోస్తోంది. మొగుడంపల్లి మాణిక్ పెద్ద నూనె డబ్బా వీపుకు కట్టుకుని వచ్చాడు. తల, భుజాలు లోపలికి పోయాయి, డబ్బా తట్టుకుని బయటే ఆగింది. వెనక్కి లాగారు. ఆయన డబ్బాను పొట్ట మీదికి తిప్పి కట్టుకున్నాడు. ఇప్పుడది ముందు అడ్డం కాబట్టి వెనక్కి తిరిగి దూరాడు. ఈసారి వీపు లోపల, డబ్బాతో పాటు మొహం బయట. మళ్లీ ఇరుక్కున్నాడు. రేషన్ అయిపోతుందని వెనకవాళ్లు తోయసాగారు.

రేషన్ అన్న మాట విన్నాక గాని బస్వరాజ్‌కు విషయం తలకెక్కలేదు. ఇంతమంది వచ్చింది పప్పుకు. వాళ్ల ముందు తన బిడ్డ ఉత్త చేతులతో నిలబడాలి. "ఆటో ఎక్కు బిడ్డా. నేను జూసుకుంట" అన్నాడు మెల్లగా.

స్నిగ్ధ ఆటో వైపు చూడలేదు. మాణిక్‌నే చూస్తోంది, నవ్వుతోంది.

"కాకను గుంజకుర్రి బాపూ. నా అయిదేండ్ల పని దర్వాజల నిలబడ్డది."

గడప పక్కన కుర్చీ వేయించుకుని ఎక్కింది. జనం సర్దుకున్నారు. ఇచ్చే ముందు ఉపన్యాసం వినడం వాళ్లకు అలవాటే.

"మన ఒంట్ల ఒక్కో కణంల పొరతోని కట్టిన అర్ర, చిన్న గది లెక్క, ఒకటి ఉంటది. కొన్ని ప్రోటీన్లు అందులకు పోవాలె. వాటికి ఒక చిట్టీ ఉంటది, సిగ్నల్ అంటరు. మీ కార్డు లెక్క. అది జూస్తెనే దర్వాజ తెరుస్తరు. కొన్ని సీదా లోపలికి పోతయి. కొన్ని గీ కాక లెక్క పొరలనే నిలబడతయి, అదే వాటి జాగ. మరి ఏ కొస లోపల, ఏ కొస బయట? చిట్టీకి ఏ పక్క పాజిటివ్ చార్జ్ ఎక్కువుంటదో, ఆ పక్క శానావరకు బయటనే ఆగుతది. కాక డబ్బా లెక్క. డబ్బా ఎనక ఉంటె మూతి లోపల. ముందట ఉంటె మూతి బయట. మూతి తప్పు దిక్కు తిరిగిందా, ఆ ప్రోటీన్ పని ఖరాబైతది."

మాణిక్ ఇరుక్కున్నచోటి నుంచే మెడ తిప్పాడు. "అంటె నేను ఇరుక్కున్నది కరెక్టేనా అమ్మా?"

"నూటికి నూరు కాకా."

ఆయన నిటారుగా నిలబడి, ఇక తనను ఎవరూ లాగవద్దన్నాడు. వెనక వరుసకు వినబడలేదంటే కమలమ్మ అందుకుంది. "పొరల పడ్డ ప్రోటీన్ మూతి ఎటుంటదో తేల్చేది మా తమ్ముని బిడ్డనే" అని చాటింది. ఐదేళ్లుగా తనకు దొరకని మాట అక్క నోట విని బస్వరాజ్ తువ్వాలు కళ్లకు అద్దుకున్నాడు.

అప్పుడొకాయన పప్పు ఎప్పుడిస్తారని అడిగాడు.

బస్వరాజ్ కూతుర్ని దింపి తాను కుర్చీ ఎక్కాడు. పొర గురించిన పాఠానికి పొరపాటున పిలుపు వెళ్లిందని మొదలుపెట్టాడు. "నేనన్నది ఓరియంటేషన్. అంటె ఏది ఏ దిక్కు తిరగాలె అని. గిర్ని నడుస్తుండె. అక్కకు రేషన్ అని ఇనబడ్డది. తప్పు నా గిర్నిది. మీకు ఇచ్చెతందుకు నా తాన పప్పు లేదు. నా బిడ్డ ఉన్నది, గంతే."

నూట నలభై మొహాలు కమలమ్మ వైపు తిరిగాయి. ఆమె కొంగు నడుముకు దోపింది. "రేషన్ నెలనెల వస్తది. గిసొంటి బిడ్డ నెలనెల వస్తదా? కూసోర్రి."

కూర్చున్నారు, తెచ్చిన సంచులే పరుచుకుని. స్నిగ్ధ మొదటి నుంచి మళ్లీ చెప్పింది.

ఆనాడు జహీరాబాద్‌లో రేషన్ అందనివారు నూట నలభై మంది. ఓరియంటేషన్ కుదరనివాడు మాత్రం ఒక్కడే, కోహీర్ నుంచి వచ్చి గోడవైపు తిరిగి నిద్రపోయినాయన.