పది నల్ల మచ్చలు

అర్హతల సంఘంలో కూర్చున్న పెద్దమనుషుల్లారా, నీలవేణిని నడుము కింద మాయం చేసింది మీరే. పేటెంటు వకీలు కావాలంటే రెండు డిగ్రీలుండాలని, లేని డిగ్రీకి సరిపడా ఒళ్లు కనిపించకూడదని నిబంధన రాసిందీ మీరే. లా డిగ్రీ నడుము పైకి, సైన్సు డిగ్రీ నడుము కిందికి. నీలవేణి దగ్గర లా ఒక్కటే ఉంది. అంచేత దరఖాస్తు పెట్టిన సోమవారం నుంచి ఆమె కాళ్లు కనిపించలేదు. బస్సు కండక్టరు ఏమీ ఆశ్చర్యపోలేదు. అలాంటివాళ్లు అతనికి రోజూ తగులుతారు. "సగం మనిషివే కదమ్మా, కాస్త జరుగు," అన్నాడు.

ఆమె వకీలు కావాలనుకుంది తల్లి కోసం. దాలమ్మ పలాసలో ముప్పయ్యేళ్లుగా జీడిపిక్కలు కొడుతోంది. జీడి నూనె ఆమె వేలిముద్రల్ని తినేసింది. ఆ మంట పడలేక పాత సైకిలు బ్రేకుతో ఒక పనిముట్టు చేసుకుంది. పిక్క చేతికి తగలకుండానే తొక్క విడిపోతుంది. ఫ్యాక్టరీ ఇంజనీరు వచ్చి మెచ్చుకుని, దాని బొమ్మ గీసుకుని వెళ్లాడు. ఇప్పుడది తన పేరున రాయించుకుంటున్నాడు. శుక్రవారం లోపల దాలమ్మ పేరున కాగితం పడాలి. వకీలు సంతకం లేనిదే కాగితం తీసుకోరు. ఉన్న వకీళ్లంతా ఫ్యాక్టరీ మనుషులే.

శుక్రవారం తల్లీ కూతుళ్లు పనిముట్టు పట్టుకుని పేటెంటు కార్యాలయానికి వెళ్లారు. గుమస్తా పాణిగ్రాహి మర్యాదస్తుడు. నీలవేణి పై సగానికి కుర్చీ చూపించి, సగం సంతకం చెల్లదని నెమ్మదిగా చెప్పాడు. కనీసం పనిముట్టు చేసినావిడ వచ్చినా, వచ్చినట్టు రాసుకునేవాణ్ణన్నాడు.

"నానిక్కడే ఉన్నాను బాబూ," అంది దాలమ్మ అతని ఎదురుగా నిలబడి.

పాణిగ్రాహి గొంతు వచ్చిన వైపు చూసి, కాగితంలో చదువు గడి చూశాడు. ఖాళీగా ఉంది. అందుకే అసలేమీ కనిపించడం లేదని నొచ్చుకున్నాడు. వేలిముద్ర ఉంటే చాలని సిరా డబ్బా జరిపాడు. దాలమ్మ బొటనవేలు నొక్కింది. గీతల్లేని నల్లటి మచ్చ పడింది. ఇంకో వేలు. ఇంకో మచ్చ. పది వేళ్లూ అయిపోయాయి.

"ఈ ఏళ్లే కదే దీన్ని సేసినాయి," అంది కూతురితో. "ఇయ్యే సాచ్చికం కాపోతే ఇంకేటి సూపించాలే అమ్మా?"

పాణిగ్రాహి రిజిస్టరులో రాసుకున్నాడు: పనిముట్టు తనంతట తానే వచ్చింది, తెచ్చినవారు లేరు. సాయంత్రం ఇంజనీరు వచ్చాడు. తల నుంచి బూట్ల దాకా నిండుగా కనిపించాడు. సంతకం పెట్టి పనిముట్టు పట్టుకెళ్లాడు.

నీలవేణి బీఎస్సీలో చేరింది. మొదటి ఏడు పాదాలు వచ్చాయి, రెండో ఏడు మోకాళ్లు. తన కాళ్లు తనకు కనిపించేకొద్దీ తల్లి కనిపించడం తగ్గింది. కొన్నాళ్లు గాజుల చప్పుడుతో పోల్చుకునేది. మూడో ఏడు పరీక్షలనాటికి, కంచంలో అన్నం ఎలా వస్తోందని అడగడం కూడా మానేసింది.

పెద్దమనుషుల్లారా, మీ డిగ్రీల సంగతి తర్వాత. ఆ రిజిస్టరు ఇవాళే తెరవండి. పది మచ్చల కాగితం బయటికి తీయండి. దాని కింద దాలమ్మ అని రాయండి.