అభ్యాస భూమి

చదువుకున్నవాడిని భూమి విషయంలో ఎవరూ మోసం చేయలేరని తోటపల్లి గూడూరు మండలంలో ఒక బలమైన విశ్వాసం ఉంది. ఎవరూ ఎన్నడూ పరీక్షించని కారణంగా అది చాలాకాలం చెక్కుచెదరకుండా నిలిచింది. ఈ మధ్య దానికి పరీక్ష జరిగింది. ఆ పరీక్షకు కావలసిన మనిషినీ భూమినీ కూడా విజయభాస్కరే సమకూర్చాడు.

సముద్రానికి కూతవేటు దూరంలో అతనికొక రొయ్యల గుంట ఉంది. తండ్రి హయాంలో అది వరి కయ్య. కిందటి రెండు పంటలూ తెల్లమచ్చ రోగానికి తుడిచిపెట్టుకుపోయాయి. (రోగం వచ్చిన రొయ్య ముందుగా కబురు చెయ్యదు, ఉదయాన్నే గట్టు పక్కకు వచ్చి తేలుతుంది.) ఈసారి మళ్లీ రొయ్యపిల్ల వదలాలా, లేక అందరిలాగా స్థలాల వ్యాపారంలోకి దిగాలా అన్నది ఆ ఇంట్లో నలుగుతున్న ప్రశ్న. భార్య రేవతి గుంట పక్షం. ఆ ఇంటికి అది తప్ప మరో ఆధారం లేదు.

‘అందరిలాగా’ అన్నది అతిశయోక్తి కాదు. తీరం పొడుగునా కొనేవారి జాతి అప్పటికే అంతరించి అమ్మేవారు మాత్రమే మిగిలారు. సెలూన్‌లో గడ్డం సగం గీసి కత్తి ఆపేవారు. తూర్పు ముఖం ప్లాటు గురించి విన్నాకే మిగతా సగం. ఇద్దరు దళారులు టీ కొట్టు దగ్గర ఎదురుపడితే ఒకరికొకరు మధ్యాహ్నం దాకా స్థలాలు అమ్ముకుని, అవతలివాడు మెత్తబడ్డాడన్న తృప్తితో ఎవరి దారిన వారు వెళ్లేవారు.

ఈ అరాచకాన్ని చక్కదిద్దడానికే నెల్లూరులో ‘తీరప్రాంత స్థిరాస్తి విద్యాపీఠం’ వెలిసింది. దాని ప్రధానాచార్యులు కామాక్షయ్య గారు. అందులో మొదట చేరినవాడు మైపాడు ఆటో నడిపే రూఫస్. మెడలో గుర్తింపు కార్డుతో నేరుగా విజయభాస్కర్ ఇంటికే వచ్చాడు.

“అన్నా, మొన్నటిదాకా నన్ను ‘ఒరే ఆటో’ అన్నోళ్లు ఇప్పుడు ‘కన్సల్టెంటు గారూ’ అంటుండారు.”

“ఏమన్నా అమ్మినావా?”

“అమ్మడం రెండో సెమిస్టరన్నా.”

రేవతి చాటలోని బియ్యం మీదనుంచి తల ఎత్తలేదు. “ఈయన గూడా పుస్తకం పట్టుకోని కూసుంటే గుంటలో పిల్ల ఎవురు వదలాల? మేతేస్తే పెరగతాదా పుస్తకం?”

“అక్కా, పుస్తకానికి వైరస్ రాదు గదా!” అన్నాడు రూఫస్. ఆ మాట విజయభాస్కర్ మనసులో నాటుకుంది.

అయినా అతను తొందరపడే మనిషి కాదు. ఆలోచించుకుని చెబుతానని చెప్పడానికే విద్యాపీఠానికి వెళ్లాడు. కామాక్షయ్య గారు కళ్లజోడు తీసి జాలిగా చూశారు.

“ఆలోచించడం ఎక్కడ నేర్చుకున్నారు?”

ఎక్కడా నేర్చుకోలేదని విజయభాస్కర్ ఒప్పుకోవలసి వచ్చింది. ఈ చదువు చదవాలా వద్దా అన్నది చదవనివాడు సరిగ్గా తేల్చుకోలేడు కనుక, అది తేల్చుకోవడానికే విద్యాపీఠం ‘నిర్ణయపూర్వ శిక్షణ’ అనే చిన్న కోర్సు నడుపుతోంది. (ఈ వాదంలో లోపం ఉంటే ఉండవచ్చు. దాన్ని పట్టుకునే శిక్షణ మరో విభాగం వారిది. ఆ విభాగం ఇంకా తెరవలేదు.) కోర్సుకు ఒక్కటే షరతు: అభ్యర్థి తన పేర ఉన్న భూమిని అభ్యాసానికి తేవాలి.

“వైద్య విద్యార్థులకు శవం ఎలాగో మాకు అభ్యాస భూమి అలాగ,” అన్నారు కామాక్షయ్య గారు. “చూస్తాం, కొలుస్తాం, చదువు కాగానే ఎలా ఉన్నది అలా అప్పగిస్తాం.”

శవాన్ని ఎలా ఉన్నది అలా అప్పగించిన వైద్య కళాశాల ఏదీ లేదన్న సంగతి విజయభాస్కర్‌కు ఇంటికి వచ్చే బస్సులో స్ఫురించింది. అప్పటికే గుంట పేరు నమోదైంది.

మొదటి పాఠం గాలి. కొనుగోలుదారుని ఉదయం తీసుకురాకూడదు. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగి, రొయ్యల షెడ్ల వాసన పడమటికి పోయాకే తేవాలి. రెండో పాఠం దారి. శ్మశానం పక్కనున్న దగ్గరి దారి నిషిద్ధం; చుట్టు తిరిగి, చర్చి ముందునుంచి రావాలి. మూడో పాఠం పరిభాష. ఉప్పునీరు అనరాదు, ఖనిజ సంపన్న జలం అనాలి. సాధన కోసం విశ్రాంత నర్సు ఎలిశబెతు కొనుగోలుదారుగా గట్టు మీద నిలబడింది. ఆమె కూడా విద్యార్థినే. రూఫస్ అమ్మకందారు.

“ఈ నీచు వాసనేంది?”

“సముద్రం, మేడం.”

“సముద్రం ఇట్టా కొట్టదే. నేను పుట్టినకాడ్నుంచి దాని పక్కనే గదా ఉండేది.”

“అది పాత సముద్రం, మేడం. ఇది ఫేజ్ టూ.”

రూఫస్‌కు మంచి మార్కులు వచ్చాయి.

కొలతల పాఠానికి నీళ్లు అడ్డు వచ్చాయి. మోటార్లు పెట్టి తోడేశారు. రాయి లేనిదే ప్లాటు అనే భావన విద్యార్థికి అందదు గనుక తెలుపు, పసుపు రంగుల రాళ్లు పాతారు. ముఖద్వారం పాఠం నాడు సిమెంటు ఆర్చి లేచింది. ఇంటావిడ అలిగిందని తెలిసి కామాక్షయ్య గారు ఉదారంగా దానిపై ‘రేవతి సీ బ్రీజ్ ఎన్‌క్లేవ్’ అని రాయించారు.

రేవతి వెళ్లి చూసింది. “నా గుంటను చంపి దాని మీద నా పేరు రాసినారు. సమాధి మీద రాసినట్టు.”

“ప్రాక్టికల్సే గదమే,” అన్నాడు విజయభాస్కర్.

చివరి పాఠం సంతకం. తరగతి మొత్తాన్నీ రిజిస్ట్రేషన్ కార్యాలయానికి విద్యాయాత్రకు తీసుకెళ్లారు. అనుభవం నిజమైనదిగా ఉండాలి కాబట్టి కాగితాలు కూడా నిజమైనవే. అక్కడి అధికారి తన విధి ప్రకారం, గుంటను ఇష్టపూర్వకంగానే విద్యాపీఠానికి రాసిస్తున్నారా అని విజయభాస్కర్‌ను అడిగాడు. సరైన జవాబు ముందురోజే నేర్పించారు. విజయభాస్కర్ తడుముకోకుండా చెప్పాడు. వేలిముద్ర ఎంత చక్కగా పడిందంటే, తరగతిలో దాన్ని నమూనాగా చూపించారు. పునర్విక్రయ సాధనలో ఆ భూమి విద్యాపీఠం నుంచి రూఫస్‌కు, రూఫస్ నుంచి ఎలిశబెతుకు, ఆమెనుంచి మళ్లీ విద్యాపీఠానికి చేతులు మారింది. చేతులు మారినప్పుడల్లా ధర పెరిగింది. అందరూ చప్పట్లు కొట్టారు. విజయభాస్కర్ కూడా కొట్టాడు.

రొయ్యపిల్లలను పొదిగించి అమ్మే హేచరీ నుంచి పిల్ల సిద్ధంగా ఉందని ఫోను వచ్చిన రోజున అతను నిర్ణయం తీసుకున్నాడు: చదవడు. రేవతిని వెంటబెట్టుకుని విద్యాపీఠానికి వెళ్లాడు.

“నేను చదవనండీ. గుంటకు నీళ్లు పెట్టుకోవాల. నా గుంట నాకిచ్చేయండి.”

“చాలా సంతోషం,” అన్నారు కామాక్షయ్య గారు. “చదవకూడదన్నది సరైన నిర్ణయమే కావచ్చు. కాని మీరది పరీక్ష రాయకుండా తీసుకున్నారు. మేము దాన్ని నిర్ణయంగా గుర్తించలేం. ఉద్రేకంగా మాత్రమే గుర్తించగలం.”

“పరీక్ష పాసయితే గుంట ఇస్తారా సామీ?” రేవతి సూటిగా అడిగింది.

“పాసయ్యారంటే భూమి గురించి ఆయనకు అంతా తెలిసినట్టేనమ్మా.”

దాన్ని ఆమె అవుననే అర్థం చేసుకుంది. ఆ క్షణం నుంచి చదువుకు ఆమెకంటె గట్టి మద్దతుదారు తీరప్రాంతంలో లేరు. భర్తను పసుపు రాయి మీద కూర్చోబెట్టి, పుస్తకం తన చేతిలోకి తీసుకుంది.

“శ్మశానం ఎదురొస్తే?”

“చుట్టు తిరిగి పోవాల.”

“ఉప్పునీళ్లంటే?”

“ఖనిజ సంపద.”

“సంపన్న జలం! పుస్తకంలో ఉండేది ఉన్నట్టు చెప్పయ్యా. మార్కు పోయిందంటే గుంట పోతాది.”

అతను ఉన్నదున్నట్టు నేర్చుకున్నాడు. గుంట పనిలో ఎన్నడూ చూపని శ్రద్ధ చూపాడు. పరీక్ష నాడు రేవతి ప్రార్థన చేయమని ఎలిశబెతును అడిగింది, తాను కొబ్బరికాయ కొట్టింది. (రెండూ ఎందుకని ఎవరూ అడగలేదు.) హాలులోంచి విజయభాస్కర్ నవ్వుతూ వచ్చాడు. అన్నీ తెలిసిన ప్రశ్నలేనన్నాడు. ఒకటైతే మరీ తేలిక, పసిపిల్లవాడైనా రాస్తాడన్నాడు.

ఫలితాలు వారం తర్వాత ఆర్చికి అంటించారు. విజయభాస్కర్ మొదటి శ్రేణిలో ఉత్తీర్ణుడయ్యాడు. ఒక్క ప్రశ్నకు మాత్రం మార్కు పడలేదు. అభ్యాస భూమి యజమాని ఎవరన్నది ఆ ప్రశ్న. అతను తన పేరు రాశాడు.